రూపభేదమా, మన లోపమా?

కొంతకాలము క్రిందట బంధువుల యింట జరిగిన యొక శుభకార్యమునకై మేము కురిచేడు వెళ్లియుంటిమి. కార్యము ముగిసిన మఱునాడు, గుంటూరువైపు పోవు రైలునకు ఇంకను వేళ యుండుటచే, అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనుచుండగా ఆ వీధిలోని ఇల్లాలొకతె మాయొద్దకు వచ్చి నిలిచెను. ఆమె భర్త 2021 మే నెలలో కరోనా వ్యాధిచే మరణించెను. దూరపు పట్టణములోని యాసుపత్రియందు, తీవ్రచికిత్సా విభాగమున, తొమ్మిది దినములు శ్వాసయంత్రము నాశ్రయించి యుండి కన్ను మూసెను. మేము చదువుకొన్నవారమని యెవరో చెప్పగా, మనసులో నింతకాలము దాచుకొనిన ప్రశ్న యొకటి యడుగుటకు ఆమె వచ్చినది.

"అయ్యా, మా ఆయనకు వచ్చింది ఆ పెద్ద రకమేనంటారా? మామూలు రకమైతే బతికేవాళ్లంట గదా?"

"ఎవరన్నారమ్మా?" అని యడిగితిమి.

"అందరూ అంటుండారయ్యా. ఆ రకం వస్తే దేవుడొచ్చినా ఆపలేడంట."

ఆ మాట యామెకు కొంత యూరట నిచ్చుచున్నదని మేము గ్రహించితిమి. అందుచే వెంటనే బదులు చెప్పలేకపోయితిమి. మెల్లగా అడుగగా తక్కిన వృత్తాంతము తెలిసినది. ఆయనకు చిరకాలముగా మధుమేహము కలదు. జ్వరము వచ్చినపుడు, వీధివారు వెలివేయుదురను భయముచే నాలుగు దినములు ఎవరికిని తెలియనీయలేదు. ఐదవనాటికి ఆయాసము పుట్టెను. ఒక పట్టణమున పడక దొరకలేదు. మఱియొక పట్టణమున ఆసుపత్రి వాకిట వాహనములోనే రాత్రి గడచెను. మూడవచోట చేర్చుకొనిరి. ఇవి యన్నియు చెప్పి, తుదకు మరల ఆమె మొదటి ప్రశ్ననే యడిగెను: "ఏ రకమంటారయ్యా?"

ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానమొకటి, ధర్మము చెప్పు సమాధానమొకటి కలవు. ఈ రెండును వేఱువేఱు కావనియు, మొదటిదానిని సరిగా తెలిసికొననిచో రెండవది చేతికి చిక్కదనియు మా యభిప్రాయము. పూర్వము మనవారు తమ చేతకాని దానిని, చేయదగి చేయని దానిని గూడ, విధి యను నొక్కమాటలో చుట్టి అటకమీద వేయుచుండిరి. తలవ్రాత యనినచో ఇక ప్రశ్న లేదు, ప్రశ్న లేనిచో ప్రాయశ్చిత్తమును లేదు. ఇపుడు చదువుకొన్న యిండ్లలో తలవ్రాత మాట తగ్గినది. కాని దాని పీఠముమీద క్రొత్త దేవత యొకటి వచ్చి కూర్చున్నది. దాని పేరు "రకము". ఇది నిజముగా శాస్త్రమేనా, లేక శాస్త్రపు వేషము వేసికొనిన పాత విధియేనా యని విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట శాస్త్రవిషయము. కరోనా వైరసు తన స్వరూపమునంతయు సుమారు ముప్పదివేల యక్షరముల వ్రాతలో మోసికొని తిరుగును. మన శరీరకణములలో జొచ్చి తనవంటివానిని కోట్లకొలది తయారుచేయునపుడు, వ్రాయసగానికి అక్షరము తప్పినట్లు, అక్కడక్కడ తప్పులు దొర్లును. అందు పెక్కు నిష్ఫలములు, కొన్ని వైరసునకే హానికరములు. ఏదో యొక తప్పు మాత్రము, వ్యాప్తికో, మన రక్షణశక్తిని తప్పించుకొనుటకో అనుకూలించును. అట్టి మార్పులు గల సంతతి తక్కినవానిని త్రోసి పెరిగినచో దానిని క్రొత్త రకమందురు. ఇందు ద్వేషము గాని సంకల్పము గాని లేదు. మనుష్యుని చంపవలెనని వైరసు కోరుకొనదు, వ్యాపించుటయే దాని పని. చంపుట కొన్నియెడల ఆ వ్యాప్తివెంట వచ్చు దుష్ఫలము.

మన ఆంధ్రదేశమునందే యిందుకు మంచి దృష్టాంతమున్నది. వైరసు తన ముండ్లతో మన కణములను పట్టుకొనును గదా, ఆ ముల్లునందు 440వ స్థానమున జరిగిన మార్పుచే ఎన్440కె యను పేరు పొందిన రకము 2020వ సంవత్సరమున మన ప్రాంతమున కనబడెను. 2021 ఏప్రిల్ చివర, మే మొదట, ఇది పదునైదురెట్లు ఘోరమైనదని వార్త పుట్టెను. "ఆంధ్ర రకము" అను పేరును వచ్చినది. ఆ మే నెల తొలి వారముననే ఢిల్లీ ప్రభుత్వము, ఆంధ్రప్రదేశమునుండియు తెలంగాణమునుండియు వచ్చువారు పదునాలుగు దినములు విడిగా నుండవలెనని యాజ్ఞాపించెను. తెలుగువాడని తెలిసినంతనే తొలగి నిలువవలసిన దుర్గతి పరదేశమున నున్న మన పిల్లలకు సంప్రాప్తమాయెను.

ఆ వార్తకు మూలమేమి? హైదరాబాదునందలి సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ఆ రకమును కణములందు పెంచి చూడగా, అది కొన్ని యితర రకములకంటె ఎక్కువగా పెరిగినట్లు కనబడెను. వారు చూచినది పాత్రలోని కణములను. లోకము చదివినది పడకమీది మనుష్యులను గూర్చి. పాత్రలో త్వరగా పెరుగుట వేఱు, ఊరిలో త్వరగా వ్యాపించుట వేఱు, మనుష్యుని చంపుట వేఱు. మొదటిదానినుండి మూడవదానికి మధ్య రెండు పెద్ద యేళ్లు దాటవలసియున్నవి. వార్త వాటిని ఒక్కగంతులో దాటెను. ఆ దినములలోనే అదే సంస్థవారు, ఈ రకము తగ్గిపోవుచున్నదనియు, దాని స్థానమును బి.1.617 అను రకము ఆక్రమించుచున్నదనియు స్పష్టముగా ప్రకటించిరి. ఆ బి.1.617 శాఖలలో నొకటియే పిమ్మట డెల్టా యని ప్రసిద్ధి కెక్కినది. మనవారు ఒక దొంగపేరు చెప్పుకొని భయపడుచుండగా వేఱొక దొంగ యిల్లు జొచ్చెను.

దేశముల పేరులతోను ప్రాంతముల పేరులతోను రకములను పిలుచుటవలన కలుగు అపకారమును గుర్తించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31వ తేదీన ముఖ్యమైన రకములకు గ్రీకు అక్షరముల పేరులు పెట్టెను. ఇది పేరులను గూర్చిన చిన్న సంగతిగా తోచవచ్చును. మాకట్లు తోపదు. పేరు వెంట వెలి వచ్చును, వెలి వెంట దాపరికము వచ్చును, దాపరికము వెంట ఆలస్యము వచ్చును. కురిచేటి యిల్లాలి యింట నాలుగు దినములు జ్వరమును దాచినది ఈ వరుసయే కాదా?

అట్లని రకముల భేదము వట్టి పుకారని చెప్పుట సత్యమునకు ద్రోహము. డెల్టా సోకినవారికి, అంతకుముందు వ్యాపించిన ఆల్ఫా సోకినవారికంటె, ఆసుపత్రిలో చేరవలసిన యవసరము సుమారు రెండింతలని ఇంగ్లండునందలి పెద్ద పరిశీలన యొకటి తేల్చెను. 2021 నవంబరున దక్షిణాఫ్రికాఖండమునుండి వార్తకెక్కిన ఓమిక్రాన్ విషయమున దీనికి విరుద్ధముగా, సోకినవారు పెక్కుమంది, ఆసుపత్రి పాలైనవారు వారిలో తక్కువమంది. కావున నూర్గురికి వ్యాధి వచ్చినచో అందెందరికి ప్రాణాపాయమనునది రకమునుబట్టి మాఱునను మాట నిక్కమే.

అయినను ఇందొక మెలిక కలదు. ఓమిక్రాన్ వచ్చునాటికి జనులు మునుపటివారు కారు. 2021 జూన్, జూలై నెలలలో భారత వైద్యపరిశోధన మండలి జరిపిన రక్తపరీక్షలలోనే నూటికి 67 మందికి పైగా ప్రతిరక్షకములు కనబడినవి. ఆ యేడు అక్టోబరు 21 నాటికి మన దేశమున నూఱుకోట్ల టీకామోతాదులు వేయుట పూర్తియాయెను. డెల్టా వచ్చినది కవచము లేని సేనమీదకు, ఓమిక్రాన్ వచ్చినది కవచము తొడిగిన సేనమీదకు. రెండవమారు గాయములు తగ్గినవని కత్తి మొద్దువారినదని మాత్రమే చెప్పవచ్చునా? కత్తి కొంత మొద్దువారినదియు నిజమే, కవచమున్నదియు నిజమే. 2022 తొలిమాసములలో హాంకాంగు నగరమున, టీకా వేయించుకొనని వృద్ధులు పెక్కుమంది యుండుటచే, ఆ "మెత్తని" ఓమిక్రానే వేలకొలది వృద్ధులను బలిగొనెను. రకము మెత్తనిదైనను, రక్షణ లేని ముసలివానికి అది మెత్తనిది కాదు.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. పైన చెప్పినదంతయు ఊరి లెక్క: ఇందఱికి వ్యాధి వచ్చినచో నెందఱు పడిపోవుదురను లెక్క. ఆ యిల్లాలి ప్రశ్న ఊరి లెక్క కాదు. ఆమె భర్త అప్పటికే పడిపోయి, తీవ్రచికిత్సా విభాగమున చేరియున్నాడు. అక్కడ చేరిన పిమ్మట బ్రదుకునో బ్రదుకడో రకమెంతవఱకు నిర్ణయించును?

జల్లెడను తలచుకొనుడు. రకము బలమైనదైనచో జల్లెడనుండి క్రిందికి ఎక్కువ గింజలు రాలును, మెత్తనిదైనచో తక్కువ రాలును. కాని రాలిన గింజ రాలినదే. తీవ్రచికిత్సా విభాగమున పడకమీద నున్న మనుష్యుడు ఏ రకముచేతనైనను, ఊపిరితిత్తులు నీరుపట్టి, రక్తమున ప్రాణవాయువు తగ్గి, ఒక్కొక్క యవయవము అలసిపోవు దశకు వచ్చినవాడే. ఫ్రాన్సుదేశపు తీవ్రచికిత్సా విభాగములలో డెల్టా రోగులను ఓమిక్రాన్ రోగులను పోల్చి చూచిన పరిశీలనయందు, ఓమిక్రాన్ రోగులకు శ్వాసయంత్రపు అవసరము తక్కువైనను, ఇరువదియెనిమిది దినములలోని మరణములలో చెప్పదగిన భేదము కానరాలేదు. ఓమిక్రానుతో అంతదూరము వచ్చినవారిలో, ఇతరవ్యాధులచేతను ఔషధములచేతను రక్షణశక్తి నశించినవారు అధికముగా నుండిరి. అన్నిదేశముల పరిశీలనలును ఒక్కమాట చెప్పుటలేదు. కొన్నిచోట్ల భేదము కొంత యెక్కువగా కనబడినది. అయినను ఒక్కటి మాత్రము ఎల్లరును అంగీకరించినదే: ఆ పడకమీద రోగి గతిని నడిపించువానిలో వయసు, మధుమేహము, మూత్రపిండముల స్థితి, ఎంత యాలస్యముగా వచ్చెను, వచ్చినపుడు ఎన్ని యవయవములు చెడియుండెను, చూచుటకు ఎందఱు నర్సులుండిరి, ప్రాణవాయువు ఎడతెగక వచ్చెనా అనునవి మిక్కిలి ముఖ్యములు.

ఈ జాబితాను పశ్చిమ ప్రకాశపు కన్నులతో మరల చదివినచో గుండె బరువెక్కును. వాన కఱవు, బోరునీటిలో ఫ్లోరైడు, మూత్రపిండముల రోగులు గల గ్రామములు ఈ ప్రాంతమునకు క్రొత్త కావు. కురిచేటికి రైలున్నది, రాజమార్గమున్నది. కాని ఆ దినములలో శ్వాసయంత్రము గల పడక కావలసినచో దూరపు పట్టణమునకు పోవలసియుండెను. ఆయాసపడువానికి ఆ ప్రయాణము గంటలలో కాక ఊపిరులలో లెక్కింపబడును. వైరసు ఈ దేశమున అడుగిడుటకు ఎన్నియో యేండ్లకు పూర్వమే ఆ దూరమును, ఆ నీటిని, పరీక్షింపబడని ఆ మధుమేహమును మనము సిద్ధముచేసి యుంచితిమి. వైరసు వచ్చి మన యేర్పాటును వాడుకొనెను.

2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రియందు జరిగిన ఘోరమును మన మెవ్వరమును మఱవలేము. తమిళదేశమునుండి రావలసిన ప్రాణవాయువు బండి ఆలస్యమాయెను. గొట్టములలో ఒత్తిడి తగ్గెను. కొలది నిమిషముల వ్యవధిలో పదునొకండుగురు రోగులు మరణించినట్లు అధికారులు ప్రకటించిరి. వారికి సోకినది ఏ రకము? డెల్టాయే కావచ్చును. కాని ఆ రాత్రి ఆ నిమిషములలో వారి ప్రాణములను తీసినది రకమని చెప్పు సాహసము ఎవరికున్నది? అదే పడకలపై, అదే వ్యాధితో, అదే రకముతో, బండి వేళకు వచ్చియున్నచో వారిలో కొందఱైనను మఱునాటి సూర్యుని చూచియుందురు. రకమునందు అణుమాత్రమును మార్పు లేకయే ఫలము మాఱెడిది. ఫలము మార్చు శక్తి ఎందున్నదో, బాధ్యతయు అందేయున్నది. ఇది నీతిశాస్త్రమునకు మొదటిమెట్టు.

ఔషధముల చరిత్రము కూడ నిదే పాఠము చెప్పును. 2020 జూన్ నెలలో, ఆక్సుఫర్డువారు నడిపిన రికవరీ పరిశోధనవలన, డెక్సామెథసోను అను చవుకయైన పాత మందు శ్వాసయంత్రము మీదనున్న రోగులలో మరణములను మూడవవంతును, ప్రాణవాయువు మాత్రము పొందువారిలో ఐదవవంతును తగ్గించునని తేలెను. ఇది వైరసును చంపు మందు కాదు, మితిమీఱిన మన శరీరపు మంటను చల్లార్చునది. కావున రకములు మాఱినను దాని యుపయోగము పోలేదు. అదే పరిశోధన మఱియొకటి చెప్పెను: ప్రాణవాయువు అవసరము లేనివారికి ఈ మందువలన మేలు లేదు. మొదటి మాటను అందఱు విన్నారు, రెండవ మాటను కొందఱే విన్నారు. జ్వరము వచ్చిన మొదటిదినముననే, ఇంటియందే, అవసరము లేనివారు గూడ దానిని మ్రింగిరి. రక్తములో చక్కెర పెరిగి, రక్షణశక్తి తగ్గి, 2021లో నల్లఫంగసు మన దేశమున చెలరేగుటకు మధుమేహముతోపాటు స్టిరాయిడుల దుర్వినియోగమును ప్రధానకారణమని వైద్యులు హెచ్చరించిరి. ఒకే మందు, ఒకే రకము. తెలివితో వాడినచో ప్రాణదాత, తొందరతో వాడినచో ప్రాణాంతకము.

రకము తెలిసికొనుట నిష్ప్రయోజనమని మా మాటలనుండి యెవరును గ్రహింపకుందురు గాక. కొన్ని ప్రతిరక్షక ఔషధములు డెల్టా రోగులకు పనిచేసి, ఓమిక్రాను ముందు నిలువలేకపోయినవి. వైరసు మార్పులను కనిపెట్టువారు లేనిచో వైద్యుడు పనికిరాని మందును అధికమూల్యమునకు కొనిపించును, రోగి దానినే నమ్ముకొని కూర్చుండును. టీకాలను మార్చుటకును ఆ జ్ఞానమే యాధారము. కావున రకముల పరిశోధన గొప్ప పని, దానికి ధనము వెచ్చింపవలయును. మేము నిందించునది జ్ఞానమును గాదు, జ్ఞానము పేరిట సాగు సాకును. నిజమునకు ఆ దినములలో మన దేశమున పరీక్షింపబడిన రోగులలో నూటికి ఒక్కని వైరసునైనను పూర్తిగా చదివి రకము నిర్ణయించుట జరుగలేదు. వేలకొలది యిండ్లలో "ఆ రకమే" అని చెప్పుకొనుచున్న మాట, ఎవరును చూడని దానిని గూర్చిన సాక్ష్యము.

కురిచేటి పేరు 2020 జూలై చివర దేశమంతట వినబడినది. వైరసువలన కాదు. వ్యాధి వ్యాపించుచున్నదని కట్టుదిట్టములు చేసి మద్యపు దుకాణములు మూయగా, త్రాగుడునకు బానిసలైనవారు చేతులు శుభ్రపఱచుకొను శానిటైజరును నీటిలోను శీతలపానీయములలోను కలిపి త్రాగి, పదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. వారిలో బిచ్చమెత్తి జీవించువారును, కూలివాండ్రును ఉండిరి. వ్యాధినుండి కాపాడుటకై చేసిన కట్టుబాటు, వ్యాధినుండి కాపాడుటకై చేసిన ద్రవము, ఈ రెండును కలిసి వారిని చంపినవి. కట్టుబాటు తప్పని మేమనము. కాని తలుపు మూయునపుడు, ఆ తలుపునకు ఆవల ఎవరున్నారో, వారి రోగమేదో, వారికి చికిత్స యేదో తలచినవారు తక్కువ. త్రాగుడు కూడ రోగమే, దానికిని చికిత్స కావలయును. "త్రాగుబోతులు చచ్చిరి" అని ప్రక్కకు తిరిగి పడుకొనినవారికిని, "ఆ రకము వచ్చినది, చచ్చెను" అని ప్రక్కకు తిరిగి పడుకొనినవారికిని భేదమేమి? ఇరువురును తమ నిద్రకు దిండు వెదకుకొనినవారే.

ఇచట సహృదయులైన చదువరు లొక యాక్షేపణ చేయవచ్చును. "ఆ యిల్లాలికి రకమను మాట యూరట యిచ్చుచున్నది గదా. దానిని లాగివేసి, నీ భర్త ఆలస్యమువలనను మధుమేహమువలనను పోయెనని చెప్పుట క్రూరత్వము గాదా? ఆమె జీవితాంతము తన్ను తాను నిందించుకొనదా?" ఇది బరువైన యాక్షేపణ. దీనిని మేము చాలకాలము తలపోసితిమి.

మా సమాధానమిది. దోషము వేఱు, బాధ్యత వేఱు. జరిగినదానికి ఎవరిని శిక్షింపవలెనని వెదకుట దోషవిచారము. మరల జరుగకుండ ఎవరేమి చేయవలెనని వెదకుట బాధ్యతావిచారము. ఆ యిల్లాలు జ్వరము దాచినది. నిజమే. ఎందుకు దాచినది? వీధి భయముచే. వీధి ఎందుకు భయపెట్టినది? రకముల పుకారులు విని, వ్యాధి వచ్చినవాని యింటికి నీరు గూడ పోయగూడదని నమ్మి. ఆ పుకారులను ప్రచారము చేసినవారెవరు? చదువనేర్చిన మనమే, చేతిలోని ఫోనులతో. ఆయనకు పడక దొరకలేదు. పడకలు తక్కువగుటకు ఆమె కారణమా? ఎన్నియో యేండ్లు ఓట్లు వేసియు ఆసుపత్రిని గూర్చి యొక్కమాటయైన నడుగని మనము కారణము. బాధ్యతను సరిగా విభజించినచో ఆమె వంతునకు వచ్చునది మిక్కిలి స్వల్పము. రకమను మాట ఆమెకు ఊరట నిచ్చినట్లు కనబడినను, అందలి లాభము నిజమునకు మనదే. ఆమె పేరు చెప్పి మనము తప్పించుకొనుచున్నాము. అసత్యపు టూరటకంటె సత్యముతోగూడిన సానుభూతియే ఆమెకు మేలని మా దృఢవిశ్వాసము.

అట్లయినచో మనము చేయదగిన దేమి? మొదటిది, ఇంటిలోని పని. నలువది దాటినవారు చక్కెరను, రక్తపుపోటును పరీక్ష చేయించుకొనుట, వృద్ధులకు టీకాలు వేయించుట, జ్వరము దాచకుండుట, ఆయాసము పుట్టినచో మంచిదినము చూడకుండుట. రాబోవు రకమునకు ఏ గ్రీకు అక్షరము పేరు వచ్చినను ఈ కవచము మాఱదు. రెండవది, వీధిలోని పని. రోగి యింటి తలుపు తట్టి, గుమ్మమున అన్నము పెట్టి, నీకేమి కావలెనని యడుగు ధైర్యము. దూరము పాటించుట వేఱు, దూరము చేయుట వేఱు. ఈ భేదము తెలియక మన సంఘము పూర్వము కుష్ఠురోగులకు చేసిన ద్రోహము మనకెల్లరకు తెలిసినదే. మూడవది, ఊరి పని. ఆ విపత్తునాట అనేక ఆసుపత్రులలో ప్రాణవాయువు తయారుచేయు యంత్రములను నెలకొల్పిరి. యంత్రము కొనుట ఒకనాటి పండుగ, దానిని నడుపుట నిత్యకృత్యము. అది తిరుగుచున్నదా, దానిని తిప్పువాడు జీతముమీద నున్నాడా, రాత్రివేళ నర్సు లెందఱున్నారు అని పంచాయతీ సభలో నిలిచి యడుగువాడు పదిమంది వక్తలకంటె గొప్ప సంఘసేవకుడు.

నాలుగవది, వాక్కునకు సంబంధించిన పని. ఇది చదువుకొన్న యిండ్లకు ప్రత్యేకముగ చెందును. క్రొత్త రకము వచ్చినదని వార్త వినినంతనే మూడు ప్రశ్నలు వేసికొనుట యలవాటు చేసికొందము. ఇది పాత్రలోని కణములను గూర్చినదా, మనుష్యులను గూర్చినదా? సోకినవారందఱిని గూర్చినదా, ఆసుపత్రి చేరినవారిని గూర్చినదా? పోల్చిన రెండు గుంపులకును టీకాలు, పడకలు, వయసు సమానముగా నుండెనా? ఈ మూటికిని సమాధానము దొరకువఱకు ఆ వార్తను మఱియొకరికి పంపకుందము. విషము కలిసినదేమో యని సందేహమున్న నీటిని అతిథికి ఇత్తుమా? మాటయు నంతియే.

రకములు ఇంకను వచ్చును. వైరసు వ్రాయుచునేయుండును, తప్పులు దొర్లుచునేయుండును. ఆ వ్రాత మన చేతిలో లేదు. మన చేతిలో నున్నది, ఆ వ్రాత వచ్చి చేరు పడక ఎట్లుండవలెనను విషయము. చేతకానిదానిని చేతకానిదని యొప్పుకొనుట వినయము. చేతనైనదానిని గూడ చేతకానిదానిలో కలిపివేయుట వినయము గాదు, ఎగవేత.

ఆనాడు కురిచేటిలో రైలువేళ సమీపించుచుండెను. ఆ యిల్లాలితో మేమిట్లంటిమి: "అమ్మా, మీ ఆయనకు ఏ రకం వచ్చిందో ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. అది బలమైనదే కావచ్చు. కానీ బలమైన రకం వచ్చినవాళ్లు కూడా ఎంతోమంది బతికారు. మీ ఆయనకు వేళకు పడక దొరకవలసింది. దొరకకపోవటం మీ తప్పు కాదు. మా అందరి తప్పు." ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఈ మాట ఎవరూ అనలేదయ్యా" అనెను. కొంగుతో కన్నులు తుడుచుకొని, లోపలనుండి కుమారుని పిలిచెను. పదునాఱేండ్ల పిల్లవాడు. "అయ్యగారు చక్కెర పరీక్ష గురించి చెబుతుండారు, ఇనురా. మీ నాయనమ్మను రేపు తీసుకపోవాల" అనెను.

మేము చక్కెరపరీక్షను గూర్చి ఆమెకేమియు చెప్పియుండలేదు. ఆమెయే గ్రహించినది. రకమను పేరు నింతకాలము పట్టుకొనియున్న చేయి దానిని విడిచి, తాను చేయగల పనిని పట్టుకొనినది. మనమును అట్లే చేయుదుము గాక.